పదవి స్వీకరించే మిత్రులకు

జులై 1తో రోటరీ సంవత్సరం మారుతుంది. మన పట్టణాల క్లబ్బుల్లో కొత్త అధ్యక్షుని మెడలో కాలర్ పడుతుంది, కొత్త కార్యదర్శి చేతికి దస్త్రాలు అందుతాయి. ఆ వేదిక మీద మీరు అందుకుంటున్నది ఏమిటో ఒక్క క్షణం నిదానించి తెలుసుకోండి. మిమ్మల్ని ఏనాడూ చూడని పరదేశీయుడొకడు తన సంపాదనలో కొంత విడదీసి, తానెన్నటికీ చూడబోని మీ ఊరి రోగికోసం పంపుతాడు. మధ్యన మీరున్నారన్న ఒక్క భరోసాతో పంపుతాడు. దేవుడి మాన్యాన్ని చూసే ధర్మకర్త ఎంత భయభక్తులతో మెలగాలో ఆ భరోసా విషయంలో మీరూ అంతే భయభక్తులతో మెలగాలి. ఈ మాట ముందుగా చెప్పి, ఆపైన చెప్పవలసినవి చెబుతాను.

మీరు చేరిన సంస్థ పుట్టుక మహాత్యాగంలో లేదు. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో ఒక కార్యాలయపు గదిలో నలుగురు కలిశారు. పాల్ హారిస్ న్యాయవాది, సిల్వెస్టర్ షీల్ బొగ్గు వ్యాపారి, గుస్తావస్ లోర్ గనుల ఇంజనీరు, హైరమ్ షోరీ దర్జీ. వెర్మాంట్ రాష్ట్రంలో చిన్న ఊళ్లో తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరిగిన హారిస్‌కు ఆ మహానగరంలో పరిచయాలకు లోటు లేదు, ఆత్మీయత కరవైంది. నలుగురూ స్నేహంగా ఉండాలి, వృత్తి వ్యాపారాల్లో ఒకరికొకరు అక్కరకు రావాలి. తొలినాళ్ల ఆశయం ఇంతే. అక్కడే ఆగిపోయి ఉంటే ఈనాడు వారి పేరు మనకు తెలిసేది కాదు. రెండేళ్లు తిరిగేసరికి, 1907లో, నగరంలో సామాన్య జనానికి మరుగుదొడ్లు కట్టించే పనికి పూనుకున్నారు. రోటరీ చరిత్రలో మొట్టమొదటి సేవాకార్యం అది. శిలావిగ్రహం నిలబెట్టలేదు, తోరణం కట్టలేదు. వీధిలో నడిచే మనిషికి నిత్యం ఏది లేక ఇబ్బందో, ఏది నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడతాడో, దాన్ని గుర్తించారు. మన ఊళ్లలో ఆడపిల్లలు బడి విడిచే వేళదాకా నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుని కూర్చునే హైస్కూళ్లు ఉన్నంత కాలం ఆ తొలి పని పాతబడలేదని గ్రహించండి.

అలాగే మీరు నేడు లక్షల్లో లెక్కపెట్టే నిధి ఎక్కడ మొదలైందో కూడా జ్ఞాపకం ఉంచుకోండి. లోకంలో మేలు చేయడానికి ఒక శాశ్వత నిధి ఉండాలని 1917లో ఆర్చ్ క్లంఫ్ ప్రతిపాదించాడు. మరుసటి ఏడు కాన్సాస్ సిటీ క్లబ్బు నుంచి మొదటి విరాళం వచ్చింది: 26 డాలర్ల 50 సెంట్లు. దాన్ని చిన్నమొత్తమని ఎవరూ తిప్పి పంపలేదు. చాలా ఏళ్లపాటు ఆ నిధి పెద్దగా పెరగలేదు. 1947 జనవరి 27న పాల్ హారిస్ కన్నుమూశాడు. తన మీద పూలు ఉంచవద్దు, ఆ డబ్బు నిధికి ఇవ్వండి అన్నది ఆయన కోరిక. దేశదేశాల నుంచి విరాళాలు కురిశాయి. ఆ సొమ్ముతో ఆ ఏడే 18 మంది విద్యార్థులను పరదేశాల్లో చదువుకు పంపారు. యుద్ధం ముగిసి రెండేళ్లు కూడా నిండని రోజులవి. మొన్నటిదాకా ఒకరి ఊళ్ల మీద ఒకరు బాంబులు వేసుకున్న లోకంలో, ఒక దేశపు యువకుడు మరో దేశపు ఇంట్లో భోజనానికి కూర్చోవడం కన్నా గొప్ప శాంతి ఒప్పందం మరొకటి నాకు తోచదు.

ఇక మైత్రి సంగతి. ఇక్కడ కాస్త నిలవాలి, ఎందుకంటే మన క్లబ్బులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

మహాభారతం ఆదిపర్వంలో ద్రోణుడు పేదరికంతో నలిగి, చిన్ననాటి సహాధ్యాయి ద్రుపదుని కొలువుకు వెళతాడు. మిత్రుడా అని పిలుస్తాడు. రాజుకూ దరిద్రునికీ మైత్రి ఏమిటి, సమానుల మధ్యనే కదా స్నేహం అని ద్రుపదుడు పరిహసించి పంపేస్తాడు. ఆ ఒక్క మాటలోంచి పుట్టిన పగ ఎందరిని కాల్చిందో, కురుక్షేత్రం దాకా ఎలా పాకిందో మీకు తెలుసు. అదే పరిస్థితిలో భాగవతంలో కుచేలుడు ద్వారకకు వెళతాడు. శ్రీకృష్ణుడు ఎదురొచ్చి కాళ్లు కడుగుతాడు. అది అందరూ చెప్పుకునేదే. నేను చెప్పదలచింది దాని తర్వాతి ఘట్టం. కుచేలుడు సిగ్గుతో కొంగున దాచిన అటుకుల మూటను కృష్ణుడు తానే లాక్కుని, ఇష్టంగా తింటాడు. ముందు తాను పుచ్చుకున్నాడు, ఆ తర్వాత ఇచ్చాడు. ఇచ్చింది కూడా ఎదురుగా ఇవ్వలేదు. కుచేలుడు నోరు విడిచి అడగనక్కర లేకుండా, కృతజ్ఞతతో వంగిపోనక్కర లేకుండా, ఇంటికి వెళ్లాక తెలిసేట్టు ఇచ్చాడు. పుచ్చుకోవడం చేతకానివాడు ఇవ్వడానికి అర్హుడు కాడని ఆ కథ నాకు నేర్పింది. మైత్రికీ భిక్షకూ మధ్యనున్న గీత అదే.

ఆ గీతతో మీ కార్యక్రమాలను కొలిచి చూసుకోండి. విదేశీ క్లబ్బు ప్రతినిధులు వస్తున్నారంటే బడిపిల్లలను ఎండలో రెండు వరసలుగా నిలబెట్టి చప్పట్లు కొట్టించడం దేనికి? కుట్టుమిషను అందుకునే విధవరాలిని వేదికెక్కించి, ఆమె ఒక చెయ్యీ పదిమంది పెద్దల చేతులూ కలిపి ఫొటో తీయడం దేనికి? ఆ ఫొటో రేపు పత్రికలో వస్తే, ఆమె కూతురు బడిలో ఎవరెవరి చూపులు భరించాలో ఆలోచించారా? దానం సిగ్గుతో చేయమని తైత్తిరీయోపనిషత్తు ఉపదేశం. ఇచ్చేవాడు సిగ్గుపడాలి. మనం పుచ్చుకునేవారిని సిగ్గుపరుస్తున్నాం. ఇది ఇంతటితో మానండి. ఫ్లెక్సీకి, శాలువాలకు, మెమెంటోలకు అయ్యే ఖర్చు ఏడాదికి ఎంతో లెక్కకట్టి సభ్యుల ముందు పెట్టండి. ఆ అంకె చూశాక ఎవరూ వాదించరు.

వచ్చిన అతిథులకు చేయవలసిన మర్యాద వేరే ఉంది. వారిని హోటల్ గదుల్లో వదిలేయకండి. ఇళ్లకు తీసుకెళ్లండి, మీ అమ్మ వండిన పప్పన్నం పెట్టండి, మీ పక్కన కూర్చుని అడగదలచినవి అడగనివ్వండి. రోటరీలో కుటుంబాలు ఒకరి దేశానికొకరు వెళ్లి, ఒకరి ఇంట్లో ఒకరు బసచేసే స్నేహయాత్రల ఏర్పాటు ఉన్నది అందుకే. సమావేశంలో బ్యానర్లు మార్చుకుంటారు కదా, గోడకు తగిలించిన ఆ గుడ్డముక్కల్లో ఏ ఒక్క ఊరిలోనైనా ఇవాళ మీరు ఫోను చేసి యోగక్షేమాలు అడగగల మనిషి ఉన్నాడా? లేకపోతే అది మైత్రి అనిపించుకోదు.

ఇదే మైత్రిని, రోటరీ నిధి నుంచి డబ్బిచ్చే గ్లోబల్ గ్రాంట్ విధానంలోనూ గమనించండి. పని జరిగే దేశంలో ఒక క్లబ్బు, వేరొక దేశంలో మరొక క్లబ్బు, ఇద్దరూ కలిసి పూనుకుంటే తప్ప నిధి తలుపు తెరుచుకోదు. కనీసం 30,000 డాలర్ల పనై ఉండాలి. అక్కడి జనానికి నిజంగా కావలసింది ఏమిటో ముందు విచారించాలి. డబ్బు అయిపోయాక కూడా పని నిలబడుతుందని చూపాలి. ఏటా నివేదిక పంపాలి. ఈ నియమాలను కాగితాల బాధగా చూసేవారున్నారు. నేను వాటిలో ధర్మశాస్త్రం చూస్తాను. ఇద్దరు అపరిచితులు ఒక మూడో మనిషి మేలుకోసం ఒకరికొకరు జవాబుదారులు కావడం అందులో ఉంది.

ఆ నియమాల్లో అన్నిటికన్నా ఎక్కువగా మనం ఉల్లంఘించేది, జనాన్ని విచారించమన్నది. దాత దగ్గర ఏ యంత్రానికి డబ్బుందో తెలుసుకుని, ఆ యంత్రం అవసరమని రాసి పంపుతాం. డయాలసిస్ యంత్రం వచ్చింది. ప్రారంభోత్సవం జరిగింది. దానికి కావలసిన శుద్ధజలం, నడిపే టెక్నీషియన్ జీతం, చెడితే బాగుచేసే ఒప్పందం, ఇవేవీ ఎవరి బాధ్యతో రాసుకోలేదు. అలాంటి యంత్రం ఒకటి దుప్పటి కప్పుకుని మూల ఉండటం నేను కళ్లారా చూశాను. ఆ ఊరి పేరు, ఆ ఆసుపత్రి పేరు చెప్పను. వారానికి రెండుమూడుసార్లు బస్సెక్కి నగరానికి వెళ్లివస్తున్న రోగి ఒకాయన, ఆ గది ముందునుంచే బస్టాండుకు నడిచేవాడు. బడుల్లో పెట్టే మంచినీటి ప్లాంట్లదీ ఇదే గతి. ఫిల్టరు మార్చే నాథుడు లేక ఆగిపోయిన వాటి మీద దాతల పేర్లు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. ఇచ్చి వదిలేయడం ఇవ్వకపోవడం కన్నా పాపం. ఇవ్వనివాడు ఆశ పెట్టలేదు.

నిలిచి పనిచేయడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే పోలియో కథ వినండి. దీన్ని మీలో చాలామంది ఉపన్యాసాల్లో రెండు వాక్యాల్లో ముగిస్తారు. అది రెండు వాక్యాల్లో ముగిసేది కాదు.

1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు పోలియో చుక్కలు వేసే పనికి రోటరీ పూనుకుంది. అప్పటి అధ్యక్షుడు జేమ్స్ బోమర్ మనీలా పక్కనే ఉన్న మకాటిలో ఒక బిడ్డ నోట్లో తొలి చుక్కలు వేశాడు. అది ఫలించాక, 1985లో లోకమంతటా ఆ జబ్బును రూపుమాపాలని సంకల్పం చెప్పుకున్నారు. 12 కోట్ల డాలర్లు పోగుచేయాలనుకుంటే 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్ల వాగ్దానాలు వచ్చాయి. దుకాణం నడిపేవాళ్లు, బడిపంతుళ్లు, దంతవైద్యులు తలా కాస్తా వేసిన సొమ్ము అది. అదే ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలతో కలిసి ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలైంది. అప్పుడు ఏటా 125 దేశాల్లో మూడున్నర లక్షల మంది పిల్లలు పోలియో బారిన పడుతున్నారు.

మన దేశంలో 1995 డిసెంబరులో పల్స్ పోలియో ఆరంభమైంది. ఆదివారం పూట చుక్కలు వేయించుకుని, చిటికెన వేలికి సిరా గుర్తుతో ఇంటికొచ్చిన పిల్లలు ఇవాళ తల్లులయ్యారు, తండ్రులయ్యారు. ఒక్కొక్క విడతలో సుమారు 17 కోట్ల మంది పిల్లలు. లక్షల మంది అంగన్‌వాడీ, ఆశా, ఆరోగ్య కార్యకర్తలు ఐస్ పెట్టె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. బీహారులో కోసీ నది వరద మైదానాల్లో మోకాటిలోతు నీళ్లలో నడిచారు. రైళ్లలో, బస్టాండ్లలో, ఇటుక బట్టీల దగ్గర వలసకూలీల పిల్లలను వెతికి పట్టుకున్నారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఆ చుక్కలతో పిల్లలు పుట్టరన్న వదంతి పుట్టి, తలుపులు మూసుకున్నాయి. అప్పుడు రోటరీ మిత్రులు ఆ జనాన్ని అజ్ఞానులని నిందించలేదు. ముస్లిం మతగురువుల దగ్గరకు వెళ్లి, కింద కూర్చుని, వారి సందేహాలు విని, వారితోనే ఒక సంఘం ఏర్పరచారు. మసీదుల నుంచి వారే పిలుపునిచ్చారు. మూసిన తలుపులు తెరుచుకున్నాయి.

2009లో కూడా మన దేశంలో 741 కేసులు నమోదయ్యాయి. లోకంలోని కేసుల్లో దాదాపు సగం ఇక్కడే. భారతదేశంలో ఇది సాధ్యం కాదని నిపుణులే అనుమానించారు. 2010లో 42. 2011లో ఒకే ఒక్కటి: జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో జబ్బుపడిన ఒక చిన్నారి. ఆ తర్వాత సహజ పోలియో వైరస్ ఈ గడ్డ మీద ఒక్క బిడ్డ కాలునూ తాకలేదు. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతమంతా పోలియోరహితమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మకాటిలో వేసిన తొలి చుక్కలకూ ఈ ధ్రువీకరణకూ మధ్య 35 ఏళ్లు గడిచాయి. క్లబ్బు అధ్యక్షుని పదవీకాలం ఏడాది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టుకుని చూడండి. 1979లో డబ్బు వేసినవారిలో ఎందరో ఫలితం చూడకుండానే పోయారు. వారి తర్వాత వచ్చినవారు, ఇది మా ఏటి పథకం కాదు, ముందటివారిది అని దస్త్రం పక్కన పెట్టి ఉంటే? మీ ఏడాదికి కొత్త పేరు, కొత్త పథకం కావాలన్న ఆశ మీకు కలుగుతుంది. దాన్ని అణచుకోండి. నిరుటి అధ్యక్షుడు మొదలుపెట్టినదాన్ని సాగించడమే మీ మొదటి కర్తవ్యం.

పోలియో పని ఇంకా మిగిలే ఉంది. సహజ పోలియో వైరస్ వ్యాప్తి నేటికీ ఆగనివి రెండు దేశాలు: పాకిస్థాన్, అఫ్గానిస్థాన్. పాకిస్థాన్‌లో చుక్కల మందు పట్టుకుని ఇంటింటికీ వెళ్లిన మహిళలను, వారికి కాపలాగా వచ్చిన పోలీసులను తుపాకులతో కాల్చి చంపారు. ఆ తర్వాత మళ్లీ మహిళలే ఆ పెట్టె భుజాన వేసుకుని బయల్దేరారు. మన రెండు దేశాల మధ్య ఎన్ని యుద్ధాలు జరిగాయో నాకు తెలుసు. సరిహద్దులో బిడ్డలను పోగొట్టుకున్న తెలుగు తల్లుల శోకమూ తెలుసు. అయినా పెషావర్‌లో ఒక పసివాడి కాళ్లు చచ్చుబడకూడదని మీరు కోరుకోలేకపోతే, పోలియో నిధికి మీరు వేసే నూరు రూపాయలకు అర్థం లేదు. అంతర్జాతీయ మైత్రి అన్న మాట మిత్రదేశాలతో చాలించుకునేందుకు పుట్టలేదు.

ఈ సంస్థ ఎన్నడూ తోవ తప్పలేదని మీకు చెప్పను. చెబితే అసత్యం చెప్పినవాణ్ణి అవుతాను. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారానికి రాగానే అక్కడి క్లబ్బులు భయపడ్డాయి. పాలకుల మెప్పుకోసం యూదు సభ్యులను, గిట్టనివారిని బయటికి పంపేశాయి. 1929లో నోబెల్ బహుమతి పొందిన రచయిత థామస్ మాన్ మ్యూనిక్ క్లబ్బు సభ్యుడు. ఆయననూ తొలగించారు. వారం వారం ఒకే బల్ల దగ్గర భోంచేసినవారే ఆ పని చేశారు. అంతటి అపచారానికి ఒడిగట్టి సంపాదించుకున్నది నాలుగేళ్ల ఆయుష్షు. 1937లో జర్మనీలో క్లబ్బులన్నీ మూతబడ్డాయి. పీడితుణ్ణి బయటికి నెట్టి తమను తాము కాపాడుకుందామనుకున్నవారు ఎక్కడా మిగలలేదు.

జపాన్ సభ్యుల తీరు వేరు. 1923లో భూకంపం టోక్యోను నేలమట్టం చేసినప్పుడు, లోకంలోని క్లబ్బులు ఎవరూ అడక్కుండానే డబ్బు పంపాయి. యొనెయామా ఉమెకిచి స్థాపించిన ఆ టోక్యో క్లబ్బుకు అప్పటికి మూడేళ్ల వయసు. ఆ ఆదరణతో అది కొత్త ప్రాణం పోసుకుంది. 1940లో ప్రభుత్వ ఒత్తిడికి జపాన్ క్లబ్బులు సంస్థ నుంచి వైదొలగవలసి వచ్చింది. పేరు పోయింది, చక్రపు గుర్తు పోయింది. కానీ చాలాచోట్ల వారు మంగళవారం క్లబ్బనీ, బుధవారం క్లబ్బనీ వారాల పేర్లు పెట్టుకుని కలుసుకోవడం మానలేదు. యుద్ధం ముగిశాక, 1949లో తిరిగి సంస్థలో చేరారు.

స్త్రీల విషయంలోనూ మన పెద్దలు దీర్ఘకాలం అన్యాయం చేశారు. కాలిఫోర్నియాలో డ్వార్టె క్లబ్బు 1977లో ముగ్గురు మహిళలను చేర్చుకుంది. చేర్చుకున్న నేరానికి దాని గుర్తింపే రద్దయింది. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1987లో ఆ మహిళల పక్షాన తీర్పు వచ్చింది. 1989లో నిబంధన మారింది. ధర్మం మనకు న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది. కాబట్టి మీ సభ్యుల పట్టిక తీసి చూడండి. మహిళలు ఎందరు? వారిలో పదవుల్లో ఎందరు? అందరూ ఒకటి రెండు కులాలవారే అయితే, మీ దానం ఆ కులాల వీధులు దాటి దళితవాడకు వెళ్లకపోతే, సముద్రాలు దాటిన స్నేహం గురించి మాట్లాడే అధికారం మీకు లేదు. అమెరికాలో స్థిరపడిన మనవారు పుట్టిన ఊరిమీది మమకారంతో అక్కడి క్లబ్బుల ద్వారా సాయం పంపుతున్నారు. సంతోషం. వారికి కూడా ఇదే చెప్పండి: ఆ సాయం తమ పూర్వీకుల వీధికి, తమవారి కల్యాణమంటపానికి చేరి ఆగిపోకూడదు.

పుచ్చుకునే దేశంగానే ఉండిపోవడం కూడా మనకు తగదు. 1920లో కలకత్తా క్లబ్బు గుర్తింపు పొందినప్పుడు దానిలో ఎక్కువమంది ఐరోపావారే. అదే క్లబ్బు నుంచి నీతీశ్ లాహరీ 1962లో ప్రపంచ సంస్థకు అధ్యక్షుడయ్యాడు. ఆసియా నుంచి ఆ స్థానానికి వెళ్లిన తొలివాడు ఆయన. 1991లో అధ్యక్షుడైన రాజేంద్ర సాబూ పదవి దిగిపోయాక ఊరుకోలేదు. 1998లో ఉగాండాతో మొదలుపెట్టి ఆఫ్రికా దేశాలకు మన వైద్యబృందాలను వెంటబెట్టుకుని వెళ్లి పేదలకు శస్త్రచికిత్సలు చేయించాడు. కాబట్టి మీ భాగస్వామి క్లబ్బు ఉన్న ఊళ్లో వరద వచ్చిందని, కార్చిచ్చు రేగిందని వింటే, మీ వంతు పంపండి. వారు ధనవంతులు, వారికేం లోటని అనుకోకండి. కృష్ణుడు కుచేలుని అటుకులు పుచ్చుకున్నది ద్వారకలో లేక కాదు.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటి చెబుతాను. పదవి తీసుకున్న మొదటి వారంలోనే, గత పదేళ్లలో విదేశీ మిత్రుల డబ్బుతో మీ క్లబ్బు చేసిన పనుల జాబితా కార్యదర్శి చేత తీయించండి. ఒక్కొక్క చోటికి మీరే వెళ్లండి, ముందుగా కబురు చేయకుండా వెళ్లండి. యంత్రం తిరుగుతోందా, నీళ్లు వస్తున్నాయా, మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గర ఉంది, ఆ పిల్లలు ఏమంటున్నారు, అన్నీ రాసుకోండి. ఆగిపోయినవి ఆగిపోయాయనే రాయండి. ఆ రాసినదంతా, మంచీ చెడూ దాచకుండా, డబ్బు పంపిన క్లబ్బుకు ఉత్తరంగా పంపండి. ఆగినదాన్ని తిరిగి నడిపించడానికి మీ సభ్యులు తమ జేబుల్లోంచి ఎంత వేస్తున్నారో అందులోనే చెప్పండి. వారి ఊరివారు ఎలా ఉన్నారో, ఈ ఏడు వారికి మీవల్ల కావలసింది ఏమైనా ఉందేమో చివర అడగండి. జవాబు వచ్చాకనే కొత్త పథకం సంగతి సమావేశంలో ఎత్తండి.